బాబు మీద అరిచేస్తున్నా... ఏం చేయను?

ప్రశ్న: నా వయసు 36. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఏడేళ్ల బాబు ఉన్నాడు. ఏడాదిగా ఆఫీసులో పని బాగా పెరిగింది. ఇంటికొచ్చాక కూడా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. పొద్దున లేస్తూనే గుండె దడ. ప్రతి చిన్నదానికీ బాబు మీద అరిచేస్తున్నాను. మొన్న డైరీలో సంతకం కోసం వచ్చి, దాన్ని వీపు వెనక దాచుకుని, ‘అమ్మా, ఇప్పుడు నువ్వు కోపంగా ఉన్నావా?’ అని అడిగాడు. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. ఉదయం ఐదింటికి లేవడం, జిమ్, ధ్యానం... అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. నాలుగు రోజులకు మించి ఏదీ సాగలేదు. నాకే క్రమశిక్షణ లేదేమోనని ఇంకా దిగులుగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకు క్రమశిక్షణ లేకపోవడం కాదమ్మా. ఒంటిగంటకు నిద్రపట్టే మనిషి ఐదింటికి అలారం పెట్టుకుంటే మిగిలేది నాలుగు గంటలు. పెద్దవాళ్లకు రోజూ కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఇప్పటికే అప్పుల్లో ఉన్నవాళ్లు కొత్త అప్పు చేసినట్టు, ఉన్న కాస్త నిద్రలోంచి తీసి జిమ్‌కు ఇచ్చారు. నాలుగు రోజులైనా సాగించారంటే మీ పట్టుదల ఎంతో తెలుస్తోంది. ముందు ఆ ఐదింటి అలారం తీసేయండి.

మీ లోపల ఏం జరుగుతోందో కాస్త చెప్తాను. ముప్పు ఎదురైనప్పుడు అడ్రినలిన్ అనే హార్మోన్ గుండె వేగాన్ని పెంచుతుంది, కార్టిసాల్ అనే మరో హార్మోన్ రక్తంలోకి ఎక్కువ చక్కెర వచ్చేలా చేస్తుంది. పరుగెత్తడానికో ఎదిరించడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. ముప్పు పోగానే అంతా సర్దుకోవాలి. ఒత్తిడికి కారణం ఏదైనా శరీరం దాదాపు ఒకే తీరులో స్పందిస్తుందని, అది తెంపు లేకుండా సాగితే చివరికి సత్తువ ఉడిగిపోతుందని హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లోనే రాశారు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి మెసేజ్ వస్తే మీ గుండె అలాగే వేగం అందుకుంటుంది. మీరు పరుగెత్తరు, ఎదిరించరు. అలాగే కూర్చుని జవాబు టైప్ చేస్తారు. అది తగ్గేలోపు ఇంకో మెసేజ్. పని అయిపోయిందన్న సంగతి మీ శరీరానికి అందడమే లేదు. ఆ సమయంలో డైరీ పట్టుకుని బాబు ఎదురుపడుతున్నాడు.

అందుకే జిమ్ కంటే ముందు ఆఫీసుకూ ఇంటికీ మధ్య కాస్త ఖాళీ కావాలి. సాయంత్రం ఇంట్లోకి అడుగుపెట్టే ముందు పదిహేను నిమిషాలు నడవండి. ఫోన్ బ్యాగులోనే ఉండనివ్వండి. వేగంగా నడవాలనో, ఇన్ని అడుగులు వేయాలనో లెక్కలొద్దు. తర్వాత ఒకచోట నిలబడి నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లేదా ఎనిమిది లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది, కాబట్టి వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఐదారుసార్లు చేస్తే చాలు. ‘ఇంట్లో ఎదురుచూస్తుంటారు కదా, ఈ పదిహేను నిమిషాలు ఎక్కడినుంచి తేను’ అని మీకు అనిపించవచ్చు. ఆలస్యంగానైనా నెమ్మదించి వచ్చిన అమ్మ దగ్గరికి రావడమే బాబుకు తేలిక.

వ్యాయామం సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలంటుంది. ఏకబిగిన పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతును 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. సాయంత్రపు నడక, మెట్లెక్కడం అన్నీ అందులోకే వస్తాయి. జిమ్ మీద నిజంగా మనసుంటే నిద్ర కుదుటపడ్డాక చూద్దాం.

రాత్రి మెసేజ్‌ల విషయంలో మీ పైఅధికారితో ఒకసారి నేరుగా మాట్లాడండి. ‘రాత్రి ఎనిమిది తర్వాత అత్యవసరమైతే ఫోన్ చేయండి, మెసేజ్‌లు పొద్దున చూస్తాను’ అని చెప్పండి. సంజాయిషీలు అక్కర్లేదు. చాలామంది ఈ మాట అడగడానికే భయపడి ఏళ్ల తరబడి ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. ఆయన ఒప్పుకోకపోతే, రాత్రి ఒక్క సమయం పెట్టుకుని అప్పుడే అన్నీ చూసి ఫోన్‌ను పడకగది బయట పెట్టేయండి. నిద్రలేచిన తర్వాత అరగంట, ముప్పావుగంట సేపు కార్టిసాల్ సహజంగానే పెరుగుతుంది. లేస్తూనే మెసేజ్‌లు చదివితే దానికి టెన్షన్ కూడా తోడవుతుంది. ఆ సమయంలో ఫోన్ ముట్టుకోకండి.

నిద్ర విషయంలో అన్నింటికంటే పట్టుదలగా పాటించాల్సింది లేచే సమయం. సెలవురోజైనా సరే, రోజూ ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ, టీ వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా చాలామంది ఒంట్లో ఉంటుంది. పడుకునే ముందు మర్నాటి పనులన్నీ కాగితం మీద రాసేయండి, ఫోన్‌లో కాదు. మంచం మీద ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే తిరిగి పడుకోండి. మంచం అంటేనే దొర్లడం, ఆలోచించడం అన్న అలవాటు ఇలాగే పోతుంది. మొదటి కొన్ని రోజులు కష్టంగానే ఉంటుంది, మానేయకండి.

ఒక జాగ్రత్త. గుండె దడ, నిద్రలేమి, చిరాకు అన్నిటికీ ఒత్తిడే కారణమని నేను ఇక్కడినుంచి తేల్చలేను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా ఈ మూడూ ఉంటాయి, రక్తహీనతలోనూ దడ వస్తుంది. ఈ వారమే డాక్టర్‌కు చూపించుకుని థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీపీ చూపించుకోండి. దిగులు రెండు వారాలకు మించి రోజూ వెంటాడుతుంటే ఆ మాట కూడా అక్కడే చెప్పండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మర్నాటి దాకా ఆగొద్దు, అప్పుడే ఎవరికైనా చెప్పి వెంటనే వైద్యసాయం తీసుకోండి.

బాబు దగ్గర కూర్చుని, ‘మొన్న నీ మీద అరిచాను. నీ తప్పేమీ లేదు. నా పని టెన్షన్ నీ మీద చూపించాను, అది నా తప్పు’ అని చెప్పండి. అంతే చాలు. ‘నువ్వు కూడా తొందరగా హోంవర్క్ చేస్తే...’ అని చివర్లో తగిలించొద్దు. ఆ వయసు పిల్లలు పెద్దవాళ్ల కోపానికి తామే కారణమనుకుంటారు. మీరు క్షమాపణ అడిగితే వాడికి మీమీద గౌరవం తగ్గుతుందని భయపడకండి. మళ్లీ ఎప్పుడైనా అరిస్తే, ఆ రోజే మళ్లీ ఇలాగే చెప్పండి.

మీ ఉత్తరంలో మీవారి గురించి ఉద్యోగం చేస్తారన్న ఒక్క ముక్కే ఉంది. ఆయన తోడు లేకుండా ఇవన్నీ ఒక్కరే చేయాలనుకుంటే మళ్లీ నాలుగు రోజులే సాగుతుంది. ‘కాస్త సాయం చేయండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక పని మొత్తంగా అప్పగించండి. బాబు డైరీ చూడటం, సంతకం, హోంవర్క్, వాణ్ని నిద్రపుచ్చడం వారానికి మూడు రాత్రులు ఆయనవి. ఆ మూడు రాత్రులూ ఆయన చేసే పద్ధతి మీకు నచ్చకపోయినా మధ్యలో వెళ్లి సరిదిద్దకండి. నెల తర్వాత ఏం కుదిరిందో, ఏం కుదర్లేదో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.