చివరి కేసు రాయబోతున్న అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి, దానితో పాటు పెట్టిన ఉత్తరం రెండూ నిదానంగా చదివాను. ముందు ఉత్తరం సంగతి రాస్తాను, ఎందుకంటే నీ అసలు సందేహం అందులోనే ఉంది. యూనివర్సిటీ హాస్టల్లో ఆదివారం రాత్రుళ్ళు, అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ పొయిరో కథల సీరియల్ చూస్తూ వచ్చిన మీ బృందం ఇప్పుడు చివరి ఎపిసోడ్ ముందు ఆగిపోయిందని, మిగతావాళ్ళందరూ చూసేద్దామంటుంటే ఒక అమ్మాయి మాత్రం ససేమిరా చూడనంటోందని, మెస్‌లో మొదలైన ఆ వాదన ప్రకాశం రోడ్డు టీ కొట్టు దాకా సాగి ఇంకా తెగలేదని రాశావు. ఆ పేరా కిందనే, నీ డిటెక్టివ్ కథలను ఇక ముగిద్దామనుకుంటే పాఠకులు వద్దంటున్నారని, ఏం చేయాలో పాలుపోవడం లేదని రాశావు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే ప్రశ్న.

చూడనంటున్న ఆ అమ్మాయి ఆ చివరి ఎపిసోడ్‌కు మూలమైన నవలను ఎప్పుడో చదివేసిందని కూడా నువ్వే చెప్పావు. అంటే హంతకుడెవరో ఆమెకు తెలుసు, పొయిరో చనిపోతాడనీ తెలుసు. రహస్యం బయటపడుతుందన్న బెంగే లేని మనిషి ఇంకా దేనికి జంకుతోందో ఆలోచించు. మీ టీ కొట్టు చర్చలో ఎవరెవరు ఏమన్నారో నువ్వు రాసినదాన్ని కూడా మళ్ళీ ఒకసారి చదువుకో. పొయిరో సెక్రటరీ మిస్ లెమన్ ఫైళ్ళు సర్దే పద్ధతి గురించి మాట్లాడారు, ఇన్‌స్పెక్టర్ జాప్ విసుగు గురించి మాట్లాడారు, పొయిరో స్నేహితుడు హేస్టింగ్స్ ప్రతిసారీ ఎవరినో ఒకరిని పొరపాటున అనుమానించడం గురించి మాట్లాడారు. ఈ ముగ్గురూ కొన్నేళ్ళపాటు తెర మీద కనిపించకుండా పోయి, 2013లో వచ్చిన 'ది బిగ్ ఫోర్' ఎపిసోడ్‌లో మళ్ళీ కనబడగానే మీ గదిలో చప్పట్లు మోగాయట. ఆ ఎపిసోడ్‌లో జరిగిన నేరమేమిటని ఇప్పుడు అడిగితే మీలో సగంమంది తడుముకుంటారని నేను అనుకుంటున్నాను. ఏళ్ళ తరబడి నడిచిన డిటెక్టివ్ కథ ముగుస్తుందంటే అభిమానులు బాధపడేది ఆ మనుషులు ఇక తమ వారంలో ఉండరని. నీ పాఠకులు ముగించవద్దని అడుగుతున్నప్పుడు, ఇంకో పాతిక హత్యలు కావాలని కోరుతున్నారని నువ్వు అర్థం చేసుకున్నావు. వాళ్ళు అడిగేది వేరు. తమను తగిన మర్యాదతో సాగనంపమంటున్నారు.

ఆ మర్యాద ఎలా కుదురుతుందో ఆ సీరియల్ తీసినవాళ్ళ పనిలోనే కనబడుతుంది. 1989 జనవరిలో ఇంగ్లండులో ఐటీవీ ఛానల్లో మొదలైన ఆ సీరియల్ 2013 నవంబర్ 13న ముగిసే నాటికి 70 ఎపిసోడ్లయింది, మొదటి నుంచి చివరి దాకా డేవిడ్ సూషే ఒక్కడే పొయిరో. ఆఖరి సీజన్‌లో ఐదు కథలుంటే, పొయిరో మరణించే 'కర్టెన్' కథను వాళ్ళు అన్నిటికంటే ముందు చిత్రీకరించారు. అందుకోసం సూషే బరువు తగ్గి, చక్రాల కుర్చీలో ఒదిగిపోయిన ముసలివాడిగా మారాడు. ఆ తరువాత మళ్ళీ పాత పొయిరోగా మిగతా కథల్లో నటించాడు. చిట్టచివరిగా తీసిన 'డెడ్ మ్యాన్స్ ఫాలీ' చిత్రీకరణ డెవన్‌లోని గ్రీన్‌వేలో, అగాథా క్రిస్టీ స్వయంగా వేసవులు గడిపిన ఇంట్లో జరిగింది. పాతికేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకునే రోజున ఆ నటుడు మరణశయ్య మీద కాక, నిలువునా నడిచే పొయిరోగా ఉన్నాడు. ఇది కేవలం చిత్రీకరణ సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అత్యంత కష్టమైన ఘట్టాన్ని ఓపిక నిండుగా ఉన్నప్పుడే చేసి పెట్టుకోవడంలో పెద్ద వివేకం ఉంది.

ఆ వివేకం మూలరచయిత్రి క్రిస్టీదే. 'కర్టెన్' నవలను ఆవిడ రెండో ప్రపంచయుద్ధ కాలంలో, లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో రాసింది. తాను బతికి బయటపడతానో లేదో తెలియని స్థితిలో పొయిరో కథకు ముగింపు రాసి, దాని హక్కులు కూతురి పేరున పెట్టి, ప్రతిని భద్రంగా దాచిపెట్టింది. ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు పొయిరోతో కొత్త నవలలు రాస్తూనే ఉంది. 1975లో ఆ దాచిన ప్రతి అచ్చయింది, 1976 జనవరిలో ఆవిడ కన్నుమూసింది. పొయిరో చనిపోయాడన్న వార్తను న్యూయార్క్ టైమ్స్ 1975 ఆగస్టు 6న మొదటి పేజీలో, నిజంగా బతికి చనిపోయిన మనిషికి వేసినట్టే సంస్మరణగా వేసింది. నువ్వు గమనించవలసింది ఆ మధ్యలోని మూడు దశాబ్దాలను. తన మనిషి ఎక్కడికి చేరతాడో ఆవిడకు ముందే తెలుసు. అతను ఎవరిని నమ్ముతాడు, ఏ నియమం తప్పడు, తప్పవలసి వస్తే ఏమవుతాడు అన్నవి తేలిపోయాక రాసిన కథలవి. హత్యను ఎన్నటికీ సమర్థించని మనిషిని ఆఖరి కథలో ఆ నియమంతోనే ముఖాముఖి నిలబెట్టింది. అంతకు మించి చెబితే ఇంకా చదవనివాళ్ళకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

అలసిపోయి రాసిన ముగింపు ఎలా ఉంటుందో కూడా చరిత్రలో ఉంది. కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌తో విసిగిపోయి, తాను గొప్పవనుకున్న చారిత్రక నవలలకు తీరిక దొరకాలని, 1893 డిసెంబరులో అతణ్ణి రైకెన్‌బాఖ్ జలపాతంలో పడేశాడు. పాఠకులు పత్రిక చందాలు మానుకునేంతగా మండిపడ్డారు. పదేళ్ళు తిరగకముందే, 1903లో, అతణ్ణి బతికించి తీసుకురాక తప్పలేదు. డబ్బు కోసమే తెచ్చాడని కొందరంటారు కానీ, రచయితకు విసుగు పుట్టి చేసిన హత్యను పాఠకుడు మరణంగా అంగీకరించకపోవడమే అసలు కారణమని నా నమ్మకం.

మన ఇళ్ళకు దగ్గరి ఉదాహరణ కావాలంటే సీఐడీని తీసుకో. 1998 జనవరి 21న సోనీలో మొదలైన ఆ హిందీ సీరియల్‌ను, హిందీ అంతంత మాత్రంగా వచ్చిన తిరుపతి ఇళ్ళలో కూడా రాత్రి భోజనాల వేళకు పెట్టుకునేవారు. తలుపులు బద్దలుకొట్టే దయా ఎవరో పిల్లలను అడిగినా చెప్పేవారు. ఇరవై ఏళ్ళు, పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు నడిచాక, 2018 అక్టోబర్ 27న విరామం పేరుతో అది ఆగిపోయింది. ముగిసిందని చెప్పకుండా ఆగిపోవడం వల్ల అభిమానుల చర్చలు ఏళ్ళపాటు ఒక కొలిక్కి రాలేదు. 2024 డిసెంబర్ 21న ఏసీపీ ప్రద్యుమ్న్, అభిజీత్, దయా తిరిగి వచ్చారు. అప్పటికే, 2023 డిసెంబరులో, ఫ్రెడ్రిక్స్ పాత్ర వేసిన దినేశ్ ఫడ్నీస్ కన్నుమూశారు. అందరూ ఉన్నప్పుడు చెప్పుకోని వీడ్కోలు తరువాత చెప్పుకుందామంటే కుదరదు. ఇది నటులున్న సీరియల్‌కే కాదు, నీ కథకూ వర్తిస్తుంది. నీ కథలోని మనుషులు నీ మనసులో పచ్చిగా ఉన్నప్పుడే వాళ్ళ చివరి మాటలు నీకు వినబడతాయి.

ఇంత దూరం వెళ్ళకుండానే, మన ఊళ్ళో ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరను ఈ దృష్టితో చూడు. చిత్తూరులో పుట్టిన దానివి కనుక జాతర నీకు కొత్త కాదు, తిరుపతి జాతర వరుస మాత్రం ఒకసారి మనసులో పెట్టుకో. ఆడవాళ్ళను వేధించిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆమె అతణ్ణి వెతుకుతూ రోజుకొక మారువేషం కడుతుంది. ఒంటినిండా నామంకొమ్ము పూసుకున్న బైరాగి, కుంకుమ పూసుకున్న బండ, బొగ్గుపొడి పూసుకున్న తోటి, ఇలా వేషం మార్చుకుంటూ వెళ్ళి, చివరికి దొర వేషంలో వస్తే, దొరగారికి దండం పెట్టుకోవడానికని పాలెగాడు బయటికి వచ్చి దొరికిపోతాడు, తల తెగుతుంది. అపరాధ పరిశోధన కథకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి, దోషి ఎవరో ఊరంతటికీ తెలిసి కూడా జనం ఏటా తరలివస్తారు. నాకు ఆశ్చర్యం కలిగించేది దొర వేషం తరువాతి రోజు. పాలెగాడు చచ్చాక జాతర ముగిసిపోవాలి కదా, ముగియదు. మరునాడు మాతంగి వేషం. పాలెగాడి భార్యను ఓదార్చడానికి గంగమ్మ ఆ వేషంలో వెళ్ళిందని పెద్దలు చెబుతారు. నేరం తేలిన తరువాత, శిక్ష పడిన తరువాత, మిగిలిపోయిన మనిషి దగ్గరికి వెళ్ళడానికి ఒక రోజంతా కేటాయించిన కథ ఇది. నీ చివరి భాగంలో లేనిదల్లా ఆ మాతంగి రోజే.

పొయిరో కథలో కూడా అది ఉంది. పొయిరో పోయిన నాలుగు నెలలకు హేస్టింగ్స్ చేతికి అతను రాసిపెట్టిన ప్రతి అందుతుంది, అప్పుడే అన్నీ తెలుస్తాయి. చిక్కుముడి విప్పడం అందులో ఒక పని మాత్రమే. ఏమీ అర్థం కాక మిగిలిపోయిన స్నేహితుడికి పోయినవాడు దగ్గర కూర్చుని చెప్పినట్టు చెప్పడం అంతకంటే పెద్ద పని.

ఇక నీ రాతప్రతి. చిత్తూరు కోర్టు దగ్గర పాత కేసు కట్టల అట్టలు చించి, వెనకవైపు తెల్లకాగితం మీద సరుకుల చీటీ రాసుకునే ఆ రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌ను నేను ఇప్పటికే నమ్మాను. అతని వెంట తిరిగే జిరాక్సు షాపు కుర్రాణ్ణి అంతకంటే ఎక్కువ నమ్మాను. ఆ కుర్రాడు దొంగ పట్టా కాగితాన్ని పట్టుకునే ఘట్టం మొత్తం కథలో మేలైనది: తమ షాపు మిషను డ్రమ్ము మీద గీత పడి ఉండటం వల్ల అక్కడ తీసే ప్రతి కాపీకీ కుడి అంచున సన్నటి నల్లగీత పడుతుందని, అవతలివాడు కడపలో తీయించానన్న కాపీ మీద అదే గీత ఉందని అతను వెలుతురుకు పెట్టి చూస్తాడు. ఇలాంటిది రాయగలిగిన దానివి, చివరి భాగంలో ఆ హెడ్ కానిస్టేబుల్‌ను భాకరాపేట ఘాట్‌లో బస్సు ప్రమాదంలో ఎందుకు చంపావు? ప్రమాదం ఎవరికైనా జరుగుతుంది, అందుకే అది అతని కథకు ముగింపు కాలేదు. అతను ఇన్నాళ్ళూ ఏ మాటకు కట్టుబడి బతికాడో ఆ మాటే అతనికి కష్టం తేవాలి. పోలీసు ఉద్యోగంలో ఉండగా ఒక నిరపరాధి మీద సంతకం పెట్టానని అతను రెండో కథలో ఒకచోట నసుగుతాడు, తరువాత ఆ సంగతి నువ్వు ఎక్కడా ఎత్తలేదు. నీ చివరి కేసు అక్కడ ఉంది. అతను చనిపోవాలా, ఊరు విడిచి వెళ్ళాలా అన్నది ఆ కేసే తేలుస్తుంది, పాఠకుల ఓటు అడగకు.

పాఠకుల ఉత్తరాలను మాత్రం పారేయకు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ తలచుకునే చిన్న సంగతులను ఒక కాగితం మీద రాసిపెట్టుకో. జిరాక్సు కుర్రాడి చెల్లెలి ఫీజు, కోర్టు ముందు కమ్మీ మీద కూర్చునే ముసలామె, నువ్వు మరిచిపోయినవన్నీ వాళ్ళకు గుర్తున్నాయి. చివరి భాగంలో అందరినీ వరుసగా పిలిచి నిలబెట్టవలసిన పని లేదు, ఒకరిద్దరు తమ పని మీద తాము అటుగా వెళ్ళినా చాలు. కొత్త పాత్రను, కొత్త ఊరును, పెద్ద మలుపును అక్కడికి తేవద్దు.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. రాస్తున్న భాగాన్ని ఉన్నచోట ఆపి, ముందుగా ఆ కుర్రాడి అధ్యాయం రాయి. హెడ్ కానిస్టేబుల్ లేని ఉదయం అతను షాపు షట్టర్ ఎత్తడం దగ్గర మొదలుపెట్టు. పెద్దాయన అతనికి వదిలి వెళ్ళిన కాగితాల కట్ట ఎవరి చేత, ఎన్నాళ్ళకు అందుతుందో నువ్వే నిర్ణయించు. అవి మూలప్రతులు కాక కాపీలై, కుడి అంచున ఆ నల్లగీత ఉంటే, అవి తన షాపులోనే, తను లేని పూట తీసినవని అతనికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ అధ్యాయాన్ని రెండు వైపులా మార్జిను వదిలి, ఒకే పక్క రాసి నాకు పంపు. అది కుదిరాక వెనక్కి వచ్చి మిగిలిన కేసులు ఎన్ని రాయాలనిపిస్తే అన్ని రాసుకో, వాటిని అచ్చుకివ్వడానికి తొందర లేదు. మీ హాస్టల్ అమ్మాయిని ఆ ఎపిసోడ్ చూడమని ఎవరూ బలవంతపెట్టవద్దని నా మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే పెద్దాయన