“రెండు రూపాయల వడ్డీ” అంటే రెండు శాతం కాదు

మీరు అడిగినది ఇదీ: తిరుపతిలో మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. వర్ధమాన దేశాల్లో చిన్న వ్యాపారాలకు పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందన్నది మీ అంశం. విదేశీ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంలోని ప్రశ్నావళిని తెలుగులోకి మార్చుకున్నారు. నూట యాభై దుకాణాల్లో దాన్ని నింపిస్తే సరిపోతుందా, ఇంత చిన్న ఊరి మీద చేసిన పనికి బయట విలువ ఉంటుందా అన్నది మీ సందేహం.

దాదాపు ఇదే అంశం మీద తిరుపతి, చిత్తూరు దుకాణాల్లో నాలుగేళ్ళు తిరిగాను. ఇప్పుడు చిత్తూరులో కామర్స్ పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నావళిని ఉన్నది ఉన్నట్టుగా వాడవద్దు. మాటలు తెలుగులోకి వచ్చినా, వాటి వెనుక ఉన్న లెక్క మన బజారు లెక్క కాదు. దీనివల్ల నేను ఎంత నష్టపోయానో చెబుతాను.

నా ప్రశ్నావళిలో “వడ్డీ రేటు” అని ఒక గడి ఉండేది. బ్యాంకు అప్పు ఉన్నవాళ్ళు పదకొండు, పన్నెండు అని చెప్పారు. తెలిసినవాళ్ళ దగ్గర ప్రామిసరీ నోటు రాసి తెచ్చుకున్నవాళ్ళు “రెండు రూపాయలు”, “మూడు రూపాయలు” అన్నారు. నేను అలాగే రాసుకున్నాను. కాగితాల మీది అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంటల లెక్కన డబ్బిచ్చి ఒకరిని పెట్టుకున్నాను. ఆయన గడిలో 2, 3 అని కొట్టుకుంటూ పోయారు. చివరికి పట్టికలో తేలినది ఏమిటంటే, బ్యాంకు అప్పు కంటే ప్రైవేటు అప్పు ఎంతో చవక! “అందుకే వ్యాపారులు బ్యాంకు మెట్లు ఎక్కడం లేదు” అని ఒక అధ్యాయం రాయడం కూడా మొదలుపెట్టాను. ఆ కాగితాలు మా నాన్న చేతికి వచ్చాయి. ఆయన ఒకే మాట అన్నారు: “రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు రూపాయలు కదా. ఏడాదికి ఇరవై నాలుగు.” ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఇంట్లోనూ అలాంటి నోట్లు ఉన్నాయి. కానీ ప్రశ్నావళి చేతికి రాగానే ఆ తెలిసిన సంగతి పక్కకు పోయింది. నెలకా, ఏడాదికా అని గడిలో రాయకపోవడం నా తప్పే. రెండు నెలల పని మళ్ళీ మొదటి నుంచి చేశాను.

రోజువారీ వసూలు ఫైనాన్సు దగ్గర ఇది ఇంకా చిక్కు. పది వేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. తీసుకున్నవారిని అడిగితే “పది వేలకు వెయ్యి” అంటారు, మీరు పది శాతం అని రాసుకుంటారు. అసలు సొమ్ములో రోజూ కొంత తిరిగి వెళ్ళిపోతుంది కాబట్టి, చేతిలో ఉన్న సొమ్ము మీద సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 77 శాతం పైనే తేలుతుంది. అందుకే అక్కడ శాతం అడగకండి. చేతికి ఎంత వచ్చింది, రోజుకు ఎంత కడుతున్నారు, ఎన్ని రోజులు అని అడగండి. శాతం మీరు ఇంటికి వచ్చి వేసుకోవచ్చు.

ఇక “మీకు అప్పులు ఉన్నాయా?” అన్న ప్రశ్న. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఇత్తడి దీపాలు, దేవుడి పటాలు అమ్మే ఒక దుకాణంలో కూర్చుని ఈ ప్రశ్న అడిగాను. యజమాని “లేవు సార్” అన్నారు. నేను “లేవు” దగ్గర టిక్కు పెడుతూ ఉండగానే ఒక కుర్రవాడు బండి దిగి వచ్చాడు. యజమాని గల్లాపెట్టెలోంచి వంద నోటు తీసి ఇచ్చారు. కుర్రవాడు జేబులోంచి చిన్న అట్ట తీసి, ఆ రోజు గడిలో సంతకం చేసి వెళ్ళిపోయాడు. ఆ అట్ట మీద అప్పటికే అరవైకి పైగా సంతకాలు ఉన్నాయి. నేను అట్ట వైపు చూడడం గమనించి ఆయనే అన్నారు: “ఇది అప్పు కాదు సార్, ఫైనాన్సు. రోజూ కట్టేస్తాం కదా.” ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో అప్పు అంటే తీరకుండా మెడ మీద కూర్చునేది. రోజూ తీరిపోయేది అప్పు కాదు. బావమరిది దగ్గర తెచ్చుకున్నది చేబదులు, అదీ అప్పు కాదు. టోకు వ్యాపారి ఇచ్చిన సరుకు అరువు. చీటీ పాడి తెచ్చుకున్న డబ్బు “నా చీటీ డబ్బు”. మీ ప్రశ్నావళిలోని ఒక్క ఇంగ్లీషు మాటకు మన బజారులో నాలుగైదు మాటలు ఉన్నాయి. మీరు ఒక్క మాటతో అడిగితే మిగతావన్నీ జారిపోతాయి. నా మొదటి విడత కాగితాల్లో సగానికి పైగా దుకాణాలకు అప్పే లేదని వచ్చింది. ఒక్కో మాట విడివిడిగా పెట్టి రెండో విడత అడిగితే, ఏ రకమైన బాకీ లేని దుకాణం దొరకడమే కష్టమైంది.

అరువు దగ్గర కాస్త ఆగండి, ఎందుకంటే మన చిన్న దుకాణాలకు అసలైన బ్యాంకు టోకు వ్యాపారే. అక్కడ వడ్డీ అన్న మాట వినిపించదు. నగదుకు ఒక ధర, అరువుకు ఒక ధర ఉంటుంది. నూనె డబ్బా నగదుకు ఎంత, నెల అరువుకు ఎంత అని అడగండి. ఆ తేడాలోనే వడ్డీ ఉంటుంది. చిత్తూరు మామిడి మండీల్లోనూ ఇదే పద్ధతి మరో రూపంలో కనిపిస్తుంది. పంటకు ముందు అడ్వాన్సు ఇచ్చిన మండీకే కాయ తోలాలి. వడ్డీ లేదంటారు, కానీ కమీషన్‌లోనూ తూకంలోనూ ధరలోనూ అది వసూలవుతుంది.

చీటీని ఏ గడిలో వేయాలన్నదీ ముందే తేల్చుకోండి. ఇరవై మంది, నెలకు ఐదు వేలు, లక్ష చీటీ అనుకుందాం. మూడో నెలలో డెబ్బై ఐదు వేలకు పాడుకున్నవాడికి అది అప్పు. చివరి వరకు ఆగినవాడికి అదే పొదుపు. పాడేదాకా పొదుపు, పాడిన మర్నాటి నుంచి అప్పు. “ఎన్నో నెలలో పాడారు, చేతికి ఎంత వచ్చింది, ఇంకా ఎన్ని కంతులు ఉన్నాయి” అని అడిగితే మీ పట్టికకు కావలసినదంతా దొరుకుతుంది. 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద నమోదైన చీటీయా, వీధిలో తెలిసినవాళ్ళు నడిపే చీటీయా అన్నదీ రాసుకోండి. కంపెనీ ఎత్తేస్తే ఒక రకం నష్టం, పక్కింటివాళ్ళు ఎత్తేస్తే మరో రకం.

లాభం సంగతికి వస్తే, మనకు దగ్గరి దేశంలోనే మంచి దారి చూపినవారు ఉన్నారు. శ్రీలంకలోని పెరదేనియ విశ్వవిద్యాలయానికి చెందిన సురేశ్ డి మెల్, ఆయనతో పాటు డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్‌రఫ్ చిన్న చిన్న వ్యాపారాల మీద పని చేశారు. లాటరీ తీసి కొందరికి పది వేలు, కొందరికి ఇరవై వేల శ్రీలంక రూపాయల విలువైన నగదో సరుకో ఇచ్చి, లాభం ఎలా మారిందో చూశారు. పెట్టుబడి మీద నెలకు సుమారు 5 శాతం రాబడి వచ్చినట్టు 2008లో ప్రచురించారు. ఆడవాళ్ళ వ్యాపారాల్లో మాత్రం సగటున ఆ పెరుగుదల కనిపించలేదు. 2009లో మరో వ్యాసంలో లాభాన్ని ఎలా కొలవాలన్నది పరీక్షించారు. వ్యాపారులు అమ్మకాలను సుమారు 30 శాతం తక్కువ చేసి చెబుతున్నారని, అమ్మకాలు, ఖర్చులు ఒక్కొక్కటిగా అడిగి తీసివేత చేయడం కంటే “ఖర్చులన్నీ పోగా ఎంత మిగిలింది” అని నేరుగా అడగడమే నిజానికి దగ్గరగా ఉంటుందని చూపించారు. నా అనుభవమూ అదే. ఖర్చుల పట్టిక తీయగానే ఎదుటివారి ముఖం మారిపోతుంది, పన్నులవాళ్ళు వచ్చారేమో అన్న అనుమానం వస్తుంది. “నెలకు ఎంత మిగులుతుంది?” అంటే ఆలోచించి ఒక అంకె చెబుతారు. కాకపోతే ఇంటికి తీసుకెళ్ళిన బియ్యం, కట్టిన స్కూలు ఫీజు మినహాయించి చెబుతున్నారా, కలిపి చెబుతున్నారా అన్నది వెంటనే అడగండి. భార్య రోజుకు ఆరు గంటలు కొట్లో కూర్చుంటే ఆ జీతం ఏ లెక్కలోనూ ఉండదు. దాన్ని కూడా అడిగి రాసుకోండి, ఇది నా గట్టి అభ్యర్థన.

“గత నెల అమ్మకాలు” అన్న ప్రశ్న తిరుపతిలో చాలా ప్రమాదకరం. బ్రహ్మోత్సవాల నెల, వేసవి సెలవులు, వైకుంఠ ఏకాదశి ఒక లెక్క, పిల్లల పరీక్షల రోజులు ఒక లెక్క. సగం దుకాణాలను ఒక కాలంలో, సగం మరో కాలంలో అడిగితే మీరు కొలిచేది వ్యాపారం కాదు, యాత్రికుల రద్దీ. 2020 మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాకా తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయింది. కొండ మీద దర్శనం లేకపోతే కింద గాంధీ రోడ్డులో బోణీ లేదు. ఆ తర్వాత నా పాత జాబితా పట్టుకుని వెళితే కొన్ని దుకాణాల చోట వేరే బోర్డులు కనిపించాయి. మూతపడినవాటిని వదిలేసి, మిగిలినవాటి లెక్కే రాస్తే అందరూ తట్టుకున్నట్టే కనిపిస్తుంది. పోయినవారు ఏమయ్యారో పక్క దుకాణంవాళ్ళను అడిగి రాయండి. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలదీ ఇదే కథ. తోతాపురి కాయ వచ్చేది జూన్, జూలై నెలల్లో. అప్పులు తారస్థాయికి చేరేదీ అప్పుడే. మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టీ చూసి నిష్పత్తులు కడితే ఆ ఒత్తిడి కనిపించదు.

మీ రెండో సందేహం: చిన్న ఊరి పనికి విలువ ఉంటుందా? వర్ధమాన దేశాలకు వాడే “ఎమర్జింగ్ మార్కెట్లు” అన్న మాటను 1981లో ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్‌లో పని చేస్తున్న ఆంట్వాన్ వాన్ అగ్ట్‌మాయెల్ తెచ్చారు. షేర్లలో మదుపు చేసేవారిని ఆకర్షించడానికి పుట్టిన మాట అది. అందుకే కావచ్చు, దాని చుట్టూ పెరిగిన పరిశోధనలో చాలా భాగం లిస్టయిన కంపెనీల చుట్టూనే తిరుగుతుంది. వాటి లెక్కలు ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. మీ దుకాణాల లెక్కలు అలా దొరకవు, మీరు వెళితేనే వస్తాయి. హైదరాబాదు బస్తీల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ చేసిన సూక్ష్మరుణాల అధ్యయనం 2015లో ప్రచురితమై ప్రపంచమంతా చదివింది. 104 బస్తీల్లో సగం చోట్ల ముందుగా రుణాలు ఇప్పించి, మిగతా సగంతో పోల్చి చూశారు. వ్యాపారాలు కొంత పెరిగాయి గానీ, చదువు, ఆరోగ్యం, స్త్రీల నిర్ణయాధికారం విషయంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని తేల్చారు. వాళ్ళకున్న వనరులు మనకు లేవు. కానీ చీటీ పాటకు, చేబదులుకు తేడా తెలిసిన చెవి మీకు ఉంది. అది జీతమిచ్చి తెప్పించుకునేది కాదు.

నూట యాభై అన్న అంకె మీద పట్టు పట్టకండి. నా మాట వింటే అరవై చాలు, కానీ ఒక్కొక్కరి దగ్గరకు ఏడాదిలో నాలుగు సార్లు వెళ్ళండి. మొదటిసారి చెప్పని సంగతి మూడోసారి చెబుతారు. చిత్తూరు వైపు చాలా మంది వ్యాపారులు ఇంట్లో తమిళం మాట్లాడతారు, ప్రశ్నలు తమిళంలోనూ సిద్ధం చేసుకోండి. డబ్బు కట్టించుకుని వారంలో వ్యాసం వేస్తామనే “అంతర్జాతీయ” పత్రికల జోలికి మాత్రం పోవద్దు. ఒకదానికి నేను కట్టాను, అక్షరం దిద్దకుండా వేశారు. ఇంటర్వ్యూలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్ సమర్పణకు ముందు వ్యాసం అచ్చు కావాలన్న తప్పనిసరి షరతును తొలగించారు కూడా. మీ విశ్వవిద్యాలయం నియమం ఏమిటో ఒకసారి కనుక్కోండి.

మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్ళండి, శనివారం వద్దు. కొనేవారు వస్తే మాట మధ్యలో ఆపి పక్కకు జరగండి. మామిడి మండీలు కూడా మీ జాబితాలో ఉంటే మే నెల లోపే మొదటి విడత ముగించండి. జూన్ వచ్చిందంటే అక్కడ మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.