ఆటో బ్రేకు బండి, మన నార్కట్‌పల్లి రోడ్డు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు "పెద్దనాయనా, ఈ బండి తనే బ్రేకు వేసుకుంటది, ముందు బండి ఆగితే ఇదీ ఆగుతది, అమ్మను ఇంక టెన్షన్ పడొద్దని చెప్పు" అన్నావు. మీ అమ్మకు చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంది గానీ నా మనసే నిలవలేదు. వారం వారం హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకు ఒక్కదానివే వస్తావు. ఫోన్‌లో ఇదంతా చెప్పడం కుదరదు, మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాను. వాటిలో ఇవేవీ లేవు. రిటైరయ్యాక పెద్దోడి కారు నడుపుతున్నాను. నీ బండిలో ఉన్నవన్నీ దాంట్లో ఉన్నాయి. ఏడాదిన్నరగా దాన్ని నల్లగొండకూ హైదరాబాద్‌కూ మధ్య నడిపి, కొన్నిసార్లు హడలిపోయి, మెల్లగా అలవాటు పడి తెలుసుకున్న సంగతులివి.

డ్రైవరుకు సాయపడే ఈ ఏర్పాట్లన్నిటినీ కలిపి షోరూంలో అడాస్ అని ఒక్క మాటలో చెప్పేస్తారు. నీకు పనికొచ్చేవి అందులో రెండు, ఆ రెండూ వేర్వేరు. ఒకటి అడాప్టివ్ క్రూజ్. నువ్వు పెట్టిన స్పీడులో పోతుంది, ముందు బండి నెమ్మదిస్తే తనూ నెమ్మదించి ఎడం కాపాడుతుంది. ఇది వేసే బ్రేకు మెత్తది. గట్టిగా తొక్కాల్సిన అవసరం వస్తే బీప్ కొట్టి నిన్ను తొక్కమంటుంది. రెండోది ఎమర్జెన్సీ బ్రేకు. గుద్దడం ఖాయం, నువ్వేమీ చేయడం లేదు అని తేలాక, చివరి క్షణంలో బలంగా పడుతుంది. క్రూజ్ వేయాలా వద్దా అన్నది రోడ్డును చూసి నువ్వు తేల్చుకో. ఎమర్జెన్సీ బ్రేకును మాత్రం ఎన్నడూ ఆఫ్ చేయకు. సిటీలో మాటిమాటికీ బీప్ కొడుతోందని విసుగొచ్చి ఆపేసుకున్నవాళ్లు నాకు తెలుసు. యూరప్‌లో 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకూ ఇది ఉండాలని చట్టమే చేశారు. డబ్బు పెట్టి కొనుక్కున్నదాన్ని నొక్కి ఆపేయడం ఏం తెలివి?

పోయిన చలికాలం సంగతి చెప్తాను. పొద్దున ఆరున్నర అయింది, చిట్యాల వైపు వస్తున్నాను. హైవే ఖాళీగా ఉంది. క్రూజ్ 90 మీద పెట్టి, కాళ్లు రెండూ వెనక్కి లాక్కుని హాయిగా కూర్చున్నాను. తప్పు అక్కడే జరిగింది. డివైడర్ సందులోంచి పాల క్యాన్లు కట్టిన బైకు ఒకటి అడ్డంగా వచ్చింది. నేను కాలు లేపేలోపే బండి బ్రేకు వేసేసింది. బెల్టు ఛాతీకి బిగుసుకుంది, పక్క సీట్లో నీళ్ల సీసా ఎగిరి కింద పడింది. బైకు దాటిపోయింది, అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బతికించింది అనుకునేలోపు వెనక టైర్ల అరుపు వినిపించింది. నా వెనక ఒక డీసీఎం వ్యాను ఉందని అప్పటిదాకా చూసుకోలేదు. దాని డ్రైవరు ఎడమ పక్క మట్టిలోకి దింపి, హారన్ కొడుతూ నన్ను దాటిపోయాడు. కిటికీలో క్లీనరు మొహం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. చిన్న పిల్లోడు, నీ తమ్ముడి వయసు ఉంటుంది.

ఆరోజు అర్థమైంది ఏంటంటే, ఆ బ్రేకు ముందు వైపు మాత్రమే చూస్తుంది. వెనక లారీ ఉందా, బస్సు ఉందా, ఎవరూ లేరా అన్నది దానికి అక్కర్లేదు. అది చూసుకోవాల్సింది నువ్వే. క్రూజ్‌లో పోతున్నప్పుడు కూడా పదేసి సెకన్లకు ఒకసారి అద్దం చూడు. వెనక పెద్ద బండి అంటుకుని వస్తుంటే క్రూజ్ తీసేయి, ఇండికేటర్ వేసి ఎడమకు జరిగి దాన్ని పోనివ్వు. పౌరుషం వద్దు.

ఎడం సంగతి. క్రూజ్ బటన్లలో ముందు బండికి ఎంత దూరం ఉండాలో పెట్టుకోవచ్చు. నువ్వు అన్నిటికంటే ఎక్కువదే పెట్టు. 90 స్పీడులో బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినా ఆగడానికి ఇంకో 40 మీటర్ల పైనే కావాలి. ఎక్కువ ఎడం పెడితే ప్రతివాడూ మధ్యలో దూరతాడు, ప్రతిసారీ బండి నెమ్మదిస్తుంది, నీకు చిరాకేస్తుంది. దూరనివ్వు. ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తావు, అంతే కదా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను, జాగ్రత్తగా చదువు. ఆగి ఉన్న బండిని ఇది చూడకపోవచ్చు. నేను మొదట నమ్మలేదు. అంత పెద్ద లారీ కనపడకపోవడమేంటి అనుకున్నాను. పెద్దోడు విడమరిచి చెప్పాడు. బండి ముందుండే రాడార్ అనే పరికరం తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని బట్టి ఎదుటిది ఎంత వేగంతో కదులుతోందో పట్టుకుంటుంది. కదిలేవాటిని బాగా పడుతుంది. కానీ రోడ్డు పక్క బోర్డు, బ్రిడ్జి, రెయిలింగు, కరెంటు స్తంభం, ఇవన్నీ ఆగి ఉన్నవే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే బండి ముందుకే పోదు. అందుకని ఎక్కువ స్పీడులో ఆగి ఉన్నవాటిని పట్టించుకోకుండా వదిలేసే అవకాశం ఉంది. కెమెరా కలిసి పనిచేసే బండ్లు కొంత మెరుగే. కానీ నీ బండి ఓనర్స్ మాన్యువల్ తీసి చూడు, ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చని వాళ్లే రాసి ఉంటారు. ఏ స్పీడు నుంచి ఏ స్పీడు దాకా ఎమర్జెన్సీ బ్రేకు పనిచేస్తుందో కూడా దాంట్లోనే ఉంటుంది. ఆ అంకెలు ఒక చీటీ మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకో.

మన రోడ్ల మీద ఇదెందుకు ప్రాణాంతకమో నీకు తెలుసు. రాత్రి లారీ చెడిపోతే లైన్లోనే ఆపేస్తారు. వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ. లైటు ఉండదు, రేడియం ఉండదు. లారీ పోయాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. దీనికంటే ప్రమాదం ఇంకొకటుంది. నువ్వు ఒక కారు వెనక 70లో పోతున్నావు, క్రూజ్ 90 మీద ఉంది. ఆ కారు చటుక్కున పక్క లైనుకు తప్పుకుంది. ఎందుకు తప్పుకుంది? ముందు లారీ ఆగి ఉంది కాబట్టి. కానీ నీ బండికి ఏమనిపిస్తుంది? రోడ్డు ఖాళీ అయింది, 90కి ఎత్తుకోవాలని. నువ్వు ఆపాలనుకునే చోట అది పికప్ అందుకుంటుంది. కాబట్టి ముందు బండి కారణం లేకుండా లైను మారిందంటే ముందు బ్రేకు మీద కాలు వెయ్యి, కారణం తర్వాత చూద్దువు. బస్సులో మాకు మొదట నేర్పింది కూడా ఇదే, ముందు బండిని కాదు, దాని ముందున్న బండిని చూడమని.

ఇక మన దగ్గర రోడ్డు మీదికి వచ్చేవి ఏ కంపెనీ ఇంజనీరు ఊహకూ అందవు. కార్లను, లారీలను, మనుషులను, సైకిళ్లను గుర్తుపట్టేలా దానికి నేర్పారు. యాసంగి కోతలప్పుడు గడ్డి ట్రాక్టరు వస్తుంది, రెండు పక్కలా గడ్డి వేలాడుతూ రోడ్డంతా ఆక్రమించి, వెనక చక్రం కూడా కనపడకుండా. అది బండి అని చీకట్లో మనిషికే తెలియదు. వేములపల్లి వైపు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. రాయి చిన్నది, అది రాడార్ లెక్కలోకి రాదు. వడ్ల మీద బ్రేకు తొక్కితే టైరు జారుతుంది, అది ఆటో బ్రేకైనా, నీ బ్రేకైనా. గొర్ల మంద, పొద్దుగూకే వేళ బర్రెలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, వీటి దగ్గర బండిని అస్సలు నమ్మకు. ఊరి బోర్డు కనపడగానే బ్రేకు పెడల్ కొద్దిగా తాకు, క్రూజ్ ఊడిపోతుంది. చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, నార్కట్‌పల్లి, తిప్పర్తి, ఈ అన్ని చోట్లా కాలితోనే నడుపు. మలుపుల్లో కూడా అంతే. మలుపులో ముందు బండి రాడార్ చూపు నుంచి తప్పిపోతుంది, లేదా పక్క లైను లారీని మన ముందున్నదనుకుని ఊరికే బ్రేకు వేస్తుంది. నీకు రెండూ ఎదురవుతాయి, కంగారు పడకు.

టోల్ గేటు చాలా ముందే క్రూజ్ తీసేయి. పంతంగి దగ్గర ఫాస్టాగ్ లైను కోసం అందరూ అడ్డదిడ్డంగా దూరతారు. సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ రద్దీలో వేస్తే నీకు మెడ నొప్పి, వెనకవాడికి గుండె దడ.

మరి ఎక్కడ వేసుకోవాలి? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పగటిపూట హాయిగా వేసుకో. బెంగళూరు హైవేలో షాద్‌నగర్ దాటాక జడ్చర్ల దాకా కొన్ని చోట్ల బాగుంటుంది. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ బైపాస్ దాకా పగలు, రోడ్డు పలచగా ఉంటే సరే. పొడుగు ప్రయాణంలో కాలికి విశ్రాంతి దొరుకుతుంది, స్పీడు దాటకుండా ఉంటావు, అది నిజంగా మేలు. కానీ రాత్రి, వాన, పొద్దుటి మంచు, వీటిలో వద్దు. శ్రీశైలం పోతే మన్ననూరు దాటాక ఆ బటన్ జోలికే పోకు. అడవి, మలుపులు, కోతులు.

బండి కళ్ల సంగతి ఒకటుంది. కెమెరా ముందద్దం వెనక పైన, లోపలి అద్దం దగ్గర ఉంటుంది. రాడార్ ముందు గ్రిల్ దగ్గరో, బంపర్ లోపలో. యాదగిరిగుట్టలో పూజ చేయించావు కదా, పసుపు, కుంకుమ బొట్లు ఎక్కడ పెట్టారో చూసి, రాడార్ ముందు ఉంటే తడిగుడ్డతో తుడిచేయి. దేవుడికి కోపం రాదు. గ్రిల్‌కు కట్టిన దండ, బంపర్ కింద వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు తీసి లోపల డిక్కీలో పెట్టుకో. ముందద్దం మీద స్టిక్కర్లు వద్దు. మట్టి రోడ్డులో తిరిగొచ్చాక బంపర్ కడుగు. ఇనుప గార్డు బిగించుకుందామని ఎవరన్నా సలహా ఇస్తే వినకు, అవి రాడార్‌కు అడ్డం, పైగా 2017లోనే ప్రభుత్వం వద్దంది.

ముందు బంపర్ గానీ, ముందద్దం గానీ మార్చాల్సి వస్తే కెమెరా, రాడార్ మళ్లీ సెట్ చేయించాలి, కలబ్రేషన్ అంటారు. పెద్దోడి బండికి బంపర్ మార్చారు, ఆ గ్యారేజీలో దీని మాటే ఎత్తలేదు. నెల రోజులు అది ఖాళీ రోడ్డు మీద ఊరికే బ్రేకులు వేస్తూ పోయింది, మేమేమో బండే పాడైందనుకున్నాం. పని అయ్యాక కలబ్రేషన్ చేశారా అని అడిగి, బిల్లులో రాయించుకో.

ఎమర్జెన్సీ బ్రేకు పడినప్పుడు నీ కాలు ఏం చేయాలో ఇప్పుడే అనుకుని పెట్టుకో. భయంతో కాలు లేపొద్దు. నువ్వూ బ్రేకు మీద కాలు వేసి నిండా తొక్కు, పెడల్ కింద గడగడ వణుకు వస్తే అది ఏబీఎస్, చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, తొక్కుతూనే ఉండు. పొరపాటున యాక్సిలరేటర్ గట్టిగా తొక్కావా, చాలా బండ్లు డ్రైవరే పోనిస్తున్నాడనుకుని బ్రేకు వదిలేస్తాయి. అందుకే క్రూజ్‌లో ఉన్నంతసేపూ కుడికాలి మడమ నేల మీద ఆనించి, వేళ్లు బ్రేకు పెడల్ ముందు ఉంచు, తాకీ తాకకుండా. మొదట రెండు రోజులు పిక్క నొప్పి పుడుతుంది. తర్వాత అలవాటవుతుంది. చెప్పులతో నడపొద్దు, బూట్లు వేసుకో.

వచ్చే ఆదివారం నువ్వు వచ్చినప్పుడు మాన్యువల్ తెచ్చుకో. పొద్దున ఆరింటికి నేను తయారుగా ఉంటాను, మిర్యాలగూడ నుంచి నల్లగొండ బైపాస్ దాకా నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటాను. ఎక్కడ వేయాలో, ఎక్కడ తీయాలో ఆ రోడ్డు మీదే చూపిస్తాను. వచ్చేటప్పుడు మాడ్గులపల్లిలో టీ తాగుదాం. మీ అమ్మను కూడా వెనక సీట్లో ఎక్కించుకుందాం, నువ్వు ఎలా నడుపుతున్నావో ఆమె కళ్లారా చూడాలి.

మీ పెద్దనాయన