లేయర్‌కి పేరు పెట్టే దగ్గరే టైమ్ మిగులుతుంది

చిరంజీవి మేనల్లుడికి, నెల్లూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

ఒంగోలులో షాపు బాగా నడుస్తోందని అక్క చెప్పింది, చాలా సంతోషం. చీమకుర్తి గ్రానైట్ వాళ్ల వెబ్‌సైట్ బొమ్మల పని ఒప్పుకున్నావట. అయితే ఫొటోషాప్‌లో ఒక్కో లేయర్ (బొమ్మలోని ఒక్కో పొర) పక్కన కన్ను గుర్తు ఆపుతూ, వేస్తూ, ‘సేవ్ యాజ్’ కొడుతూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నావని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పని నువ్వు చేయాల్సింది కాదు అబ్బయ్యా, ఫొటోషాప్ చేయాల్సింది.

ఫొటోషాప్‌లో 2013 నుంచి జనరేటర్ అనేది ఉంది, లేయర్ పేరు చూసి బొమ్మను అదే సేవ్ చేస్తుంది. ఫైల్ మెనూలో ‘జనరేట్’, అందులో ‘ఇమేజ్ అసెట్స్’కి టిక్ పెట్టు. అది కనపడకపోతే ప్రిఫరెన్సెస్‌లో ప్లగిన్స్ దగ్గర జనరేటర్ ఆన్‌లో ఉందో లేదో చూడు. ఇక ‘లేయర్ 14 కాపీ’ లాంటి పేర్లు తీసేసి, ఒక్కో గ్రానైట్ పలక లేయర్ల గ్రూప్‌కి ‘బ్లాక్‌గెలాక్సీ.జేపీజీ’ అన్నట్టు పేరు పెట్టు. పేర్లు టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే. పేరు మార్చగానే నీ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) పక్కనే, ఆ ఫైలు పేరు చివర ‘-అసెట్స్’ చేరిన ఒక ఫోల్డర్ పుడుతుంది, బొమ్మలు అందులోకి వచ్చేస్తాయి. రేపు ఓనరు రంగు కొంచెం తగ్గించమంటే నువ్వు తగ్గిస్తే చాలు, ఆ బొమ్మ దానంతట అదే మారిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. మనకు టైమ్ పోయేది మొదటిసారి సేవ్ చేయడంలో కాదు, ఐదోసారి కరెక్షన్‌లో.

రెండు సైజులు కావాలంటే ఒకే పేరులో కామా పెట్టి రెండూ రాయొచ్చు: ‘బ్లాక్‌గెలాక్సీ.జేపీజీ, 50% బ్లాక్‌గెలాక్సీ-చిన్న.జేపీజీ’. వెడల్పు 800 పిక్సెల్స్ ఉండాలంటే ముందు ‘800x?’ అని రాయి, ఎత్తు అదే లెక్కేసుకుంటుంది. జేపీజీ తర్వాత 8 అంకె వేస్తే క్వాలిటీ 80 శాతానికి వస్తుంది. గెలాక్సీ రాయికి అంతకన్నా దిగొద్దు. నల్లటి రాతిలో ఆ బంగారు చుక్కలే దాని అందం, క్వాలిటీ తగ్గించేకొద్దీ అవి అలుక్కుపోతాయి. చుక్క సరిగా కనపడని ఫొటో చూసి రాయి ఎవరు కొంటారు? లోగోకి మాత్రం పీఎన్‌జీయే పెట్టు, వెనకాల ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

ఇంకో సంగతి. జనరేటర్ లేయర్ చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించేస్తుంది. అందుకే ఐకాన్లు ఒక్కోటి ఒక్కో సైజులో వస్తాయి. అన్నీ సమానంగా రావాలంటే గ్రూప్‌కి కావలసిన కొలతలో లేయర్ మాస్క్ (ఎంత మేర కనపడాలో చెప్పే ముసుగు) వెయ్యి. పేర్లన్నీ మార్చేటప్పుడు ప్రతి పేరుకీ మౌస్ పట్టుకోకు. ఒక పేరు మీద రెండుసార్లు నొక్కి టైప్ చేసి ట్యాబ్ కొట్టు, కింది లేయర్ పేరుకి వెళ్తుంది.

పెళ్లి శుభలేఖలకు దారి వేరు. మగపెళ్లివారికి ఒకటి, ఆడపెళ్లివారికి ఒకటి అడుగుతారు కదా, వాటికి లేయర్ కాంప్స్ వాడు. ఏ లేయర్ కనపడాలో, ఎక్కడుండాలో అది గుర్తుపెట్టుకుంటుంది. ఎక్స్‌పోర్ట్‌లో ‘లేయర్ కాంప్స్ టు ఫైల్స్’ కొడితే అన్నీ ఒకేసారి బయటికొస్తాయి. కానీ అక్షరాలను మాత్రం గుర్తుపెట్టుకోదు. ఒకే టెక్స్ట్ లేయర్‌లో పేర్లు మార్చి రెండు కాంప్స్ చేస్తే రెండింట్లోనూ చివర టైప్ చేసిన పేర్లే వస్తాయి. పెళ్లింట అది ఎంత గొడవో నీకు తెలుసు. రెండు పక్షాలకూ విడివిడి టెక్స్ట్ లేయర్లు పెట్టు.

ఫ్లెక్స్ ప్రింటుకి పంపేవి జనరేటర్‌తో తీయొద్దు. అది స్క్రీన్ మీద చూసే బొమ్మలకే. ప్రింటు ఫైలు విడిగా, నీ చేత్తో, రెండుసార్లు చూసుకుని సేవ్ చెయ్యి.

అసెట్స్ ఫోల్డర్‌ను నేరుగా కస్టమర్‌కి ఇవ్వకు. లేయర్ తీసేస్తే అందులో ఆ బొమ్మ కూడా పోతుంది. పని ఓకే అయ్యాక కస్టమర్ పేరుతో, తేదీతో వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి అది పంపు. ముందు నాలుగు పలకలకు పేర్లు పెట్టి చూసి, ఎక్కడన్నా ఆగితే సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చెయ్యి.

మీ మామయ్య