జీఆర్‌ఈ పుస్తకం తెరిచే ముందు కలవాల్సిన ముగ్గురు

మీ ప్రశ్న ఇది: బీటెక్ ఫైనల్ ఇయర్ మొదలైంది, సీజీపీఏ 7.3, మధ్యలో రెండు బ్యాక్‌లాగ్‌లు వచ్చి క్లియర్ అయ్యాయి, వచ్చే ఏడాది ఫాల్‌కి (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి) అమెరికాలో ఎంఎస్‌కో పీహెచ్‌డీకో అప్లై చేయాలనుకుంటున్నారు. జీఆర్‌ఈ (అక్కడి పీజీ ప్రవేశాలకి రాసే పరీక్ష) పుస్తకాలు కొన్నారు, దేనితో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆ పుస్తకాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీకు రికమెండేషన్ లెటర్లు రాసే ముగ్గురు ఎవరో ముందు తేల్చుకోండి. మొత్తం అప్లికేషన్‌లో మీ చేతిలో లేని భాగం అదొక్కటే. మిగతావన్నీ రాత్రీ పగలూ కూర్చుని పూర్తి చేయొచ్చు, కానీ ఇంకొకరి ఉత్తరాన్ని మనం తొందరపెట్టి రాయించలేం. ఇది తెలియక నేను ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను.

నాది సివిల్ ఇంజనీరింగ్. మొదటిసారి నేనూ జీఆర్‌ఈతోనే మొదలుపెట్టాను. నాలుగు నెలలు చదివాను, స్కోరు బాగానే వచ్చింది. నవంబరులో ఏడు యూనివర్సిటీల అప్లికేషన్లు తెరిస్తే ప్రతి ఒక్కటీ మూడు లెటర్లు అడుగుతోంది. అప్పటికి నన్ను పేరు పెట్టి పిలిచేంతగా తెలిసిన లెక్చరర్ ఒక్కరే, నా ప్రాజెక్ట్ గైడ్ మేడమ్. ఆవిడ రాశారు. రెండో సార్ పెద్ద హోదాలో ఉన్నవారు. "నువ్వే రాసి తీసుకురా, చూసి అప్‌లోడ్ చేస్తాను" అన్నారు. అందరూ అలాగే చేస్తారని విని నేనే రాశాను. మూడో సార్ సరే అన్నారు కానీ యూనివర్సిటీ నుంచి వచ్చిన లింకు ఆయన స్పామ్‌లో పడింది. మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటారేమోనని నేను అడగలేదు.

ఆరు చోట్ల రిజెక్ట్. ఏడో చోట నుంచి ఏ కబురూ రాకపోతే మార్చిలో డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టాను. మీ ఫైల్లో రెండు లెటర్లే ఉన్నాయి, అసంపూర్తిగా ఉన్న ఫైలు అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లదు అని రెండు లైన్ల జవాబు వచ్చింది. నా స్కోరు, నా మార్కులు, నేను నెలరోజులు కూర్చుని రాసిన ఎస్‌ఓపీ (ఏం చదవాలనుకుంటున్నానో, ఎందుకో చెప్పే వ్యాసం), ఏదీ అక్కడ ఎవరూ చదవలేదు. ఆ రోజు పడిన బాధ ఇంకొకరు పడకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మన లెటర్ మనమే రాసుకోవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అది తప్పు, పైగా పనికిరాదు. మీ ఎస్‌ఓపీ, ఆ లెటరూ ఒకే శైలిలో ఉంటాయి. ఏటా వందల ఫైళ్లు చదివేవాళ్లకి ఆ పోలిక తెలిసిపోతుంది. అప్లికేషన్ చివర ఇందులో ఉన్నదంతా నిజమని మీరు సంతకం చేస్తారు కాబట్టి, బయటపడితే వచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, మన గురించి మనం రాసుకుంటే "కష్టపడే విద్యార్థి, చురుకైనవాడు" దాటి ఏమీ రాయలేం. మా మేడమ్ రాసిన లెటర్లో ఏముందో నేను చూడలేదు కానీ, బోరుబావి ఫీల్డ్ రీడింగులు తేడా కొడితే నేను రెండు వారాలు మళ్లీ మళ్లీ వెళ్లి తీసుకొచ్చిన సంగతి అందులో రాశానని తరువాత చెప్పారు. అలాంటిది మన గురించి మనకు తట్టదు.

మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేసేటప్పుడు, "నువ్వే రాసి తీసుకురా" అని ఇంకొక సారూ అన్నారు. అప్పుడు నేను ఇలా చెప్పాను: "సార్, మీ మాటల్లో ఉంటేనే విలువ. మీరు రాయడానికి కావాల్సిన వివరాలన్నీ ఒక పేజీలో ఇస్తాను." ఒప్పుకున్నారు. ఆ పేజీలో ఆయన దగ్గర ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చదివాను, ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ ప్రాజెక్ట్ చేశాను, ఎక్కడ ఇబ్బంది పడ్డాను, ఎలా బయటపడ్డాను, ఏ యూనివర్సిటీకి ఏ తేదీ ఆఖరు అన్నవి పెట్టాను. పొగడ్తలేమీ లేవు, జరిగినవే రాశాను. ఒకవేళ ఒప్పుకోకపోతే వేరొకరి దగ్గరికి వెళ్లండి. మిమ్మల్ని ఎరగని హెచ్‌ఓడీ కంటే, ల్యాబ్‌లో మీ పక్కన నిలబడిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లెటరే బలంగా ఉంటుంది.

అడిగే సమయం సెప్టెంబరు. వాళ్ల కాలేజీ ఈమెయిల్ ఇవ్వమని అడగండి, సొంత జీమెయిల్ ఇస్తే కొన్ని యూనివర్సిటీలు అనుమానిస్తాయి. లింకు వెళ్లిన రోజే స్పామ్ చూడమని చెప్పండి. గడువుకి రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి గుర్తు చేయండి. చాలా పోర్టల్స్‌లో రిమైండర్ పంపే బటన్ కూడా ఉంటుంది. మర్యాదగా గుర్తు చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్లు ఏటా చేసే పనే ఇది. ఫారంలో ఒకచోట, ఈ లెటర్లు చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతారు. ఫెర్పా అనే 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థికి ఇచ్చిన హక్కు అది. వదులుకుంటున్నానని టిక్ పెట్టండి. విద్యార్థి కంట పడదని తెలిసి రాసిన లెటర్‌కే కమిటీ ఎక్కువ విలువ ఇస్తుంది.

ఇక యూనివర్సిటీల లిస్టు. ర్యాంకులు చూసి కాకుండా, ఒక్కో డిపార్ట్‌మెంట్ అడ్మిషన్ పేజీ తెరిచి చదువుతూ తయారు చేసుకోండి. ఒకే యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ స్కూల్ (ఎంఎస్, పీహెచ్‌డీలన్నీ చూసే విభాగం) పెట్టిన కనీస నిబంధనలు ఒకటి, డిపార్ట్‌మెంట్ అడిగేవి ఇంకొకటి. రెండూ చదవాలి. పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి 15 మధ్య పడతాయి, ఎంఎస్‌కి చాలాచోట్ల జనవరి తరువాత దాకా ఉంటుంది. కానీ ఫండింగ్ కావాలంటే ముందు గడువే లెక్క.

ఎంఎస్సా పీహెచ్‌డీనా అన్నది కూడా ఈ దశలోనే తేలాలి. అమెరికాలో బీటెక్ తరువాత నేరుగా పీహెచ్‌డీకి తీసుకునే డిపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి, మాస్టర్స్ తప్పనిసరి కాదు. ఇంజనీరింగ్‌లో, సైన్సుల్లో పీహెచ్‌డీకి సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, టీఏ (బోధనలో సాయం) లేదా ఆర్‌ఏ (పరిశోధనలో సాయం) పని కింద నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఎంఎస్‌కి ఎక్కువమంది సొంత డబ్బో అప్పో పెట్టుకోవాల్సిందే. అలాగని డబ్బు కోసం మాత్రమే పీహెచ్‌డీ ఎంచుకోవద్దు. ఐదేళ్లో అంతకంటే ఎక్కువో ఒకే ప్రశ్న వెంట తిరగాలి. మీ ప్రాజెక్ట్ చేస్తున్నప్పుడు ఎవరూ అడగకపోయినా ఇంకా లోతుకి వెళ్లాలనిపించిందా? అనిపిస్తే పీహెచ్‌డీ గురించి ఆలోచించండి.

పీహెచ్‌డీ అయితే ప్రొఫెసర్లకి ముందుగా మెయిల్ పెట్టాలా అని చాలామంది అడుగుతారు. సబ్జెక్టుని బట్టి మారుతుంది. బయాలజీలో చాలా ప్రోగ్రాములు మొదటి ఏడాది రెండుమూడు ల్యాబులు తిప్పి ఆ తరువాత గైడ్‌ని ఎంచుకోనిస్తాయి, అక్కడ ముందస్తు మెయిల్‌తో పెద్దగా పని లేదు. మా సివిల్‌లో జీతం ఇచ్చేది ఆ ప్రొఫెసర్‌కి పరిశోధన కోసం వచ్చిన గ్రాంటే కాబట్టి చాలా పని ఉంది. నేను ఆగస్టులో పంపాను. ఐదారు వాక్యాలు: నేనెవరు, భూగర్భ జలాల మీద ఏం చేశాను, వారి ఫలానా పేపర్లో నాకు అర్థం కాని ఒక విషయం, వచ్చే ఏడాది విద్యార్థుల్ని తీసుకుంటున్నారా. సగానికి పైగా జవాబు రాలేదు. ఒకరు ఈసారి గ్రాంట్ లేదని నిజం చెప్పారు, దాంతో ఒక అప్లికేషన్ ఫీజు మిగిలింది. ఒక్కోదానికి 75 డాలర్లో, 100 డాలర్లో పెట్టేవాళ్లకి అది చిన్న మాట కాదు. ఫీజు మాఫీ ఉందేమో అడ్మిషన్ ఆఫీసుకి రాసి అడగండి. అడిగితే పోయేదేమీ లేదు, నాకు ఒకచోట ఇచ్చారు.

లిస్టు చేతికొచ్చాక పరీక్షల సంగతి చూడండి. మీ లిస్టులో ఎన్ని డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ అడుగుతున్నాయో లెక్కపెట్టండి. 2020 తరువాత చాలామంది తీసేశారు. అవసరం లేదు, ఐచ్ఛికం, అసలు చూడం అన్నవి మూడు వేర్వేరు మాటలు, జాగ్రత్తగా చదవండి. సీజీపీఏ తక్కువగా ఉంది కాబట్టి, ఐచ్ఛికం అన్నచోట మంచి క్వాంట్ (గణితం) స్కోరు పంపితే మీకు మేలే. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే ముగుస్తోంది, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. పరీక్ష ఫీజులోనే నాలుగు యూనివర్సిటీలకి స్కోరు ఉచితంగా పంపుకోవచ్చు, కానీ ఆ నాలుగూ ఆ రోజే ఎంచుకోవాలి. లిస్టు ముందే ఉండాలనడానికి అదొక కారణం. నా మొదటిసారి ఏవో తెలిసిన పేర్లు ఎంచుకున్నాను, వాటిలో మూడింటికి తరువాత అప్లై కూడా చేయలేదు.

ఇంగ్లీషు పరీక్షలైన టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. టోఫెల్ 2026 జనవరి నుంచి 1 నుంచి 6 కొలతకి మారింది, పాత 120 లెక్కలు చెప్పే సలహాలు చూసి కంగారుపడకండి. టీఏ ఇవ్వాలంటే స్పీకింగ్‌కి విడిగా కనీస స్కోరు పెట్టేవాళ్లు ఉన్నారు, మొత్తం స్కోరు ఒక్కటే చూసుకుని ఊరుకోవద్దు.

పరీక్షకి రిజిస్టర్ అయ్యేలోపు మీ పాస్‌పోర్టు ఒకసారి తీసి చూడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనలో చాలామందికి ఉన్నదే. పరీక్షకీ, అప్లికేషన్‌కీ పాస్‌పోర్టులో ఉన్నట్టే, సర్‌నేమ్ సర్‌నేమ్ గడిలో, గివెన్ నేమ్ దాని గడిలో రాయండి. నాది ఒకచోట తిరగబడి, పంపిన స్కోరు నా ఫైలుతో కలవడానికి మూడు వారాలు మెయిళ్లు రాయాల్సి వచ్చింది.

మార్కుల మెమోలు అప్లికేషన్ దశలో స్కాన్ చేసి పెడితే చాలాచోట్ల సరిపోతుంది, సీల్ వేసిన అధికారిక ట్రాన్‌స్క్రిప్టులు అడ్మిట్ వచ్చాక అడుగుతారు. అయినా కాలేజీలో దరఖాస్తు ఇప్పుడే పెట్టండి. గ్రేడింగ్ వివరాలున్న వెనక పేజీ కూడా స్కాన్ చేయండి. వాళ్లు అడిగితే తప్ప 7.3ని మీరే 4 పాయింట్ల స్కేలుకి మార్చి రాయొద్దు, మీ మెమోలో ఉన్న అంకే ఇవ్వండి.

బ్యాక్‌లాగ్‌లు దాచకండి, వాటి గురించి వ్యాసమూ రాయకండి. ఏ సెమిస్టర్, ఎందుకు, ఆ తరువాత మార్కులు ఎలా మారాయి, రెండు వాక్యాలు చాలు. అదనపు సమాచారానికి విడిగా గడి ఉంటే అక్కడే రాయండి, ఎస్‌ఓపీలోకి తేవద్దు. ఎస్‌ఓపీలో నా మొదటి డ్రాఫ్ట్ "చిన్నప్పటి నుంచి నీరంటే ఆసక్తి" అని మొదలైంది. మేడమ్ ఆ పేరా మొత్తం కొట్టేసి, "ఆ బోరుబావి లెక్క ఎందుకు తేడా వచ్చిందో అక్కడ మొదలుపెట్టు" అన్నారు. రెండో ఏడాది నా ఎస్‌ఓపీ మొదటి వాక్యం ఆ తేడా గురించే. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్నా దాని గురించే.

కన్సల్టెన్సీకి వెళ్తే వెళ్లండి, కానీ పోర్టల్ అకౌంట్లు మీ ఈమెయిల్‌తోనే, మీ చేత్తోనే తెరవండి. నా స్నేహితుడి అకౌంట్లు వాళ్ల మెయిల్‌తో తెరిచారు. అదనపు పత్రం అడుగుతూ యూనివర్సిటీ రాసిన మెయిల్ అతను చూసేసరికి గడువు దాటి పది రోజులైంది.

రెండోసారి తొమ్మిదింటికి అప్లై చేశాను. రెండు ఇంటర్వ్యూలు, ఒక ఫండెడ్ ఆఫర్ వచ్చాయి. ఫిబ్రవరి చివర్లో ఆఫర్ రాగానే, ఇంకొక చోట జవాబు రాకముందే వెంటనే ఒప్పుకోవాలేమోనని భయపడ్డాను. అక్కర్లేదు. గ్రాడ్యుయేట్ స్కూళ్ల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ఒకటి ఉంది. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందు జవాబు ఇవ్వమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఫండింగ్ లేని ఉత్త అడ్మిట్‌కి ఇది వర్తించదు. అక్కడ వాళ్లు ఇచ్చిన తేదీయే తేదీ. ఆ తరువాత ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునేది), వీసా ఇంటర్వ్యూ. సొంత డబ్బుతో వెళ్తే ఐ-20కే బ్యాంకు పత్రాలు అడుగుతారు, అప్పు తీసుకోవాలంటే ఆ పని మార్చిలోనే మొదలవ్వాలి.

ఈ వారంలో మీ ప్రాజెక్ట్ గైడ్‌ని కలవండి. "నాకు లెటర్ ఇస్తారా" అని కాకుండా "నా గురించి గట్టిగా రాయగలరా సార్" అని అడగండి. ఆయన ఒక్క క్షణం తటపటాయించినా ఇంకొకరిని వెతుక్కోండి, మీకు ఇంకా సమయం ఉంది. మీ బ్రాంచి, ప్రాజెక్ట్ దేని మీదో కింద రాస్తే, ప్రొఫెసర్లకి పంపే మెయిల్ డ్రాఫ్ట్ నేను చదివి చెబుతాను.