పాప అన్నం తినకపోవడానికి ఆ పాలే కారణం కావచ్చు

మీ మూడేళ్ల పాప 12 కిలోలే ఉంది, అన్నం ముట్టదు, రోజుకు లీటరు పాలు మాత్రం తాగుతుంది అన్నారు కదండీ, ముందు బరువు గురించి టెన్షన్ పడకండి, ఆ వయసు ఆడపిల్లకి అది మామూలు పరిధిలోనే ఉన్నట్టు. నాకు భయమేసింది పాల గురించి. లీటరు పాలతో పొట్ట నిండాక ఇంక ఆకలెక్కడిది? పైగా పాలలో ఐరన్ చాలా తక్కువ, తిన్నదాంట్లోని ఐరన్‌ని కూడా సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు. ఒకసారి హిమోగ్లోబిన్ చేయించండి, 11 గ్రాముల కంటే తక్కువుంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. పాలు మెల్లగా అరలీటరు లోపుకి తగ్గించి, అదీ భోజనం అయ్యాకే ఇవ్వండి. పప్పన్నం, తోటకూర, గుడ్డు పెట్టండి, పప్పులో కాస్త నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. మా వాడికి ఫోన్ చూపిస్తూ కుక్కడం మానేశాక పది రోజులు ఏడిపించాడు, తర్వాత వాడే కంచం దగ్గరికి వచ్చాడు.