రెక్యుజెంట్ అంటే తిరుగుబాటుదారుడేనా?

ఇంగ్లండు చరిత్రలో కనిపించే ‘రెక్యుజెంట్’ అనే మాటను ‘తిరుగుబాటుదారుడు’ అని అనువదించవచ్చునా అని మీరు అడిగారు. అలా అనువదిస్తే అర్థం చెడుతుందని నా దృఢమైన అభిప్రాయం. ‘నిరాకరించు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిన ఈ మాట, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ప్రభుత్వం గుర్తించిన చర్చిలో ఆరాధనకు వెళ్లడానికి ఒప్పుకోనివారికి, ముఖ్యంగా కాథలిక్కులకు, వర్తించింది. 1559 నాటి చట్టం ప్రకారం హాజరుకాని ప్రతి ఆదివారానికి 12 పెన్నీల జరిమానా ఉండగా, 1581లో దానిని ఏకంగా నెలకు 20 పౌండ్లు చేశారు. అది సంపన్న కుటుంబాలకు సైతం మోయలేని భారం. వీరిలో అత్యధికులు కత్తి పట్టినవారు కారు, ఆ చర్చి గడప తొక్కనివారు మాత్రమే. కనుక ‘సమ్మతించనివారు’ అంటే సరిపోతుంది. నేటి ఇంగ్లీషులో, పార్టీ విప్‌ను పాటించని సభ్యునికైనా ఇది చెల్లుతుంది గాని, రాళ్లు రువ్వే గుంపుకు నప్పదు.